రెండోది కట్టేయ్

"ఒంటిగంట. అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఆగను వదినా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గడియారమ్మ గోడవైపు చూసింది. పదకొండూ ఇరవై.

ఆమె అసలు పేరు ఈ వృత్తిలో ఎవరికీ గుర్తులేదు. మూడు ప్రశ్నలు అడిగితే రెండు "ఎన్ని గంటలకు?" అనే ఉంటాయి కాబట్టి ఎవరో ఆ పేరు పెట్టారు, అది అంటుకుపోయింది. ప్రైవేటు డిటెక్టివ్‌గా ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆమె చెల్లెలికి ఒకప్పటి భర్త. విడిపోయి ఆరేళ్ళయినా అతను "వదినా" అనడం మానలేదు, ఆమె ఆ పిలుపుకు పలకడమూ మానలేదు. తెగిపోయిన బంధాల్లో ఏ దారం ఎక్కడ మిగిలిపోతుందో ఎవరికి తెలుసు.

"ఒంటిగంటకు తీసుకెళ్ళి ఏం రాస్తావు?" అంది.

"హత్య అని రాస్తాను. వేరే మాట దొరికితే మీరే చెప్పండి."

బల్లకు అవతల కూర్చున్న ఆపరేటర్ తల ఎత్తలేదు. ముప్పై ఏళ్ళు కూడా నిండని అమ్మాయి. నిన్నటి నుంచి అవే బట్టలు. పక్క గదిలో నాలుగేళ్ళ కూతురు నానమ్మ ఒళ్ళో ఉంది. తల్లీకూతుళ్ళ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఒంటిగంట దాటితే ఆ గోడ ఎన్నేళ్ళ మందం అవుతుందో అన్న ఆలోచన వచ్చింది గడియారమ్మకు. ఆమె దాన్ని పక్కకు నెట్టి పుస్తకం తెరిచింది.

ఊళ్ళో అంబులెన్సు కోసం ఎవరు ఫోన్ చేసినా ఆ పిలుపు అందుకునేది ఈ భవనంలోని కంప్యూటర్లే. ఏ బండి ఎక్కడుందో చూసి దగ్గరిదాన్ని పంపేవీ అవే. వాటిని ఒక్క క్షణం కూడా ఆగనివ్వకుండా చూడటమే ఇక్కడి అందరి ఉద్యోగం. కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటో లైనుకు తోడుగా జనరేటర్ ఉంది. అది లేచేలోపు మోయడానికి బ్యాటరీలున్నాయి. అన్నీ పోయి ఈ భవనమే పనికిరాకుండా పోతే, ఊరికి ఆ చివర రెండో కేంద్రం ఉంది. అక్కడ కుర్చీలో కూర్చున్న మనిషి తాళం తిప్పి మీట నొక్కితే పని మొత్తం అటు మారిపోతుంది. ఇన్ని ఏర్పాట్లూ నిన్నటి గాలివానలో ఒకదాని వెనుక ఒకటి చేతులెత్తేశాయి. కరెంటు వ్యవహారమంతా చూసే పెద్ద ఇంజినీరు, అందరూ మాస్టారు అని పిలిచే మనిషి, జనరేటర్ గదిలో షాక్ కొట్టి పోయాడు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పమ్మా" అంది గడియారమ్మ. "కరెంటు ఎన్ని గంటలకు పోయింది?"

"నిన్న పొద్దున పదీ నలభై ఒకటికి. ఒకటో లైను పోయింది. రెండోది ఉంది."

"జనరేటర్?"

"లేవలేదు. మాస్టారు కిందికి పరిగెత్తారు. నేను పై గదిలో మీటల దగ్గర ఉన్నాను."

"తర్వాత?"

"పదీ నలభై తొమ్మిదికి వాకీటాకీలో మాట వచ్చింది. 'రెండోది కట్టేయ్' అని. 'రెండోది కడుతున్నా' అని తిరిగి చెప్పాను. 'సరే' అన్నారు. కట్టాను. అంతే. అన్నీ ఆగిపోయాయి. బ్యాటరీల ఫ్యూజులతో సహా."

"విన్నారుగా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కట్టేయ్ అంటే ఆపేయమని. పసిపిల్లకు కూడా తెలుసు. ఈవిడ ఆపలేదు. రెండో లైనులో ఉన్న కరెంటును తీసుకెళ్ళి ఒకటో లైనుకు కలిపింది. ఆ ఒకటో లైను పెట్టెలో ఆయన చేతులున్నాయి."

"ఈ భవనంలో కట్టడం అంటే ఆపడం కాదు సార్" అంది ఆపరేటర్, మొదటిసారి తలెత్తి. "రెండు లైన్లు కలిపి కట్టడం. రెండు తాళ్ళు ముడేసినట్టు. ఆపాలంటే దించడం అంటాం. హ్యాండిల్ కిందికి దించుతాం కాబట్టి. గోడమీద రాసి ఉంది."

గోడమీద నిజంగానే ఉంది. చెక్క పలకపై గుండ్రటి అక్షరాలు, మాస్టారి చేతిరాత.

*కట్టు అంటే కలుపు. దించు అంటే ఆపు. వేరే మాట వాడకూడదు.*
*విన్నది తిరిగి చెప్పాలి. 'సరే' వినపడేదాకా చెయ్యి వెయ్యకూడదు.*

"అంటే చేతులు పెట్టెలో పెట్టుకుని ఆయనే 'కరెంటు కలిపెయ్యి తల్లీ' అన్నాడంటావు" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు, నవ్వులో చిరాకే ఎక్కువ. "పదిహేను రోజుల కిందట సెలవు ఇవ్వలేదని అందరి ముందూ ఏమన్నావో చెప్పు మా వదినకు."

ఆపరేటర్ పెదవి కొరుక్కుంది. "'మీరు పోతేగాని మాకు సెలవు దొరికేలా లేదు మాస్టారూ' అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. మర్నాడు సెలవు ఇచ్చారు కూడా."

"నవ్వినవాడు సాక్ష్యానికి రాలేడు కదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆ గొంతు మాస్టారిదేనా?" అడిగింది గడియారమ్మ.

"ఆయనదే."

జవాబు మరీ తొందరగా వచ్చింది. సమయాలన్నీ గుర్తు తెచ్చుకుని గుర్తు తెచ్చుకుని చెప్పిన మనిషి, ఆ ఒక్కదానికి మాత్రం ప్రశ్న పూర్తి కాకముందే చెప్పేసింది. గడియారమ్మ ఆ మాట కింద గీత గీసుకుంది.

జనరేటర్ గది మెట్లు దిగుతుంటే ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చాడు. "మీరెందుకు తిప్పలు పడటం? రాత్రంతా నా మనుషులు గది మొత్తం జల్లెడ పట్టారు."

"జల్లెడకు కన్నాలుంటాయి నాయనా. అందుకే నేనూ ఓసారి చూస్తాను."

"మిమ్మల్ని పెట్టుకున్నదెవరు, ఈ కేంద్రం డైరెక్టరా?"

"ఆ అమ్మాయి అత్తగారు."

"అత్తగారా?" అతను ఆగిపోయాడు. "నిన్న స్టేషన్లో గంటసేపు కోడల్ని తిట్టిపోసిందే ఆవిడ."

"తిట్టడానికి కోడలు ఇంట్లో ఉండాలిగా మరి."

గదిలో డీజిల్ వాసన, తడి సిమెంటు వాసన. లారీ అంత జనరేటర్ చలనం లేకుండా పడి ఉంది. పక్క గోడకు నిలువెత్తు ఇనుప పెట్టె, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మందపాటి రాగి పట్టీలు ఒకవైపు నల్లగా కాలిపోయాయి. కింద ఒక రబ్బరు తొడుగు పడి ఉంది, కుడిచేతిది. సన్నటి తీగ పట్టుకోవడానికి తీసేసి ఉంటాడు. గోడకు నాలుగు కొక్కేలు. వాటికి అత్యవసరానికి, నంబర్లు వేసిన వాకీటాకీలు.

డీజిల్ మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. అది దాటి లోపలికి రావడంలేదు. మాస్టారిని మొదట చూసింది ఇతనే.

"ఎన్ని గంటలకు చూశావు?"

"పదీ యాభై ఎనిమిదికమ్మా. అంతవరకు పెరట్లో ట్యాంకు దగ్గర ఉన్నాను. డీజిల్లో నీళ్ళు కలిశాయేమోనని అనుమానం వచ్చి చూస్తున్నాను."

"గదిలో లైటు ఉందా?"

"ఎక్కడిదమ్మా? ఈ గది లైట్లు ఒకటో లైనువే. గుడ్డి చీకటి. నా ఫోన్ లైటు వేసుకుని వచ్చాను."

గడియారమ్మ కళ్ళు మూసి తెరిచింది. "ఊపిరి ఉందా ఆయనకు?"

మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు. "ఉందమ్మా. నా చెయ్యి పట్టుకున్నారు కూడా. అంబులెన్సుకు ఫోన్ చేశాను. మోగింది, మోగింది. మళ్ళీ చేశాను. ఎత్తినవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఫోను ఒక్కటీ జవాబు లేకుండా మోగనివ్వని మనిషికి, ఆయన వంతు వచ్చేసరికి..." పూర్తి చెయ్యలేకపోయాడు. "చివరికి డీజిల్ బండిలో ఎక్కించాను. దారిలోనే పోయారు. ఇరవై నిమిషాలు ముందు చికిత్స అంది ఉంటే బతికేవారన్నాడు డాక్టరు."

గడియారమ్మ పుస్తకంలో ఆ సమయం రాసుకుంది.

"ఇంకొక్కటి చెప్పు" అంది గడియారమ్మ, నెమ్మదిగా. "మాస్టారు ఎప్పుడైనా ఆపడానికి 'కట్టేయ్' అనేవారా? తొందరలోనో, కోపంలోనో?"

"మాస్టారా?" మేస్త్రీ కన్నీళ్ళలోనే నవ్వాడు. "ఇంట్లో కూడా 'లైటు దించు' అనేవారమ్మా. పడగ్గదిలో లైటు ఎలా దించాలో నాకు తెలియట్లేదు అని వాళ్ళావిడ మా అందరి ముందూ ఆటపట్టించేది."

మేస్త్రీని పంపేసి ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆయన ఒంటి మీద దొరికినవేంటి?"

"పర్సు, కళ్ళజోడు, నడుముకు రోజూ పెట్టుకునే తన సొంత వాకీటాకీ."

"చేతిలోనా, నడుముకా?"

"నడుముకే. తోలు సంచీలో."

"సంచీ బొత్తాం?"

ఇన్‌స్పెక్టర్ తన కాగితాలు తిరగేశాడు. తిరగేసిన కొద్దీ అతని చెవులు ఎర్రబడ్డాయి. "పెట్టి ఉంది."

"అంటే ఆయన మాట్లాడేశాక, వాకీటాకీ సంచీలో పెట్టి, బొత్తాం పెట్టుకుని, రెండు చేతులూ పెట్టెలో పెట్టాడు. ఈలోపు ఆ అమ్మాయి మీట వెయ్యకుండా కాచుక్కూర్చుంది. అంతేనా?"

"పెట్టుకుని ఉండొచ్చు. పద్ధతి గల మనిషి."

"సరే. టార్చిలైటు ఎక్కడ?"

"ఏ టార్చిలైటు?"

"అదే అడుగుతున్నాను. గుడ్డి చీకటి గదిలో, రెండు చేతులతో సన్నటి తీగలు పట్టుకుని పనిచేస్తున్నవాడికి వెలుతురు ఎవరు పట్టారు? నీ జాబితాలో టార్చి లేదు. కొక్కేలు లెక్కపెట్టు. నాలుగు. వాకీటాకీలు మూడు. మూడో నంబరుది లేదు."

ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"ఇంకో మనిషి ఉన్నాడు ఇక్కడ" అంది గడియారమ్మ. "వెలుతురు పట్టింది అతనే, మాట చెప్పిందీ అతనే. ఆ రెండూ చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు, పడిపోయిన మనిషిని వదిలేసి."

"ఇక్కడ పనిచేసేవాళ్ళందరూ ఎక్కడున్నారో సాక్ష్యాలతో సహా నా దగ్గరున్నాయి. ఒక్కడు కూడా మిగల్లేదు."

"ఇక్కడివాడైతే కట్టేయ్ అనే మాట ఆ అర్థంలో వాడడు. బయటివాణ్ణి వెతుకు."

"మీరెప్పుడూ ఇంతే" అన్నాడు అతను, గొంతు తగ్గించి. "మీ చెల్లెలి విషయంలోనూ అంతే. కళ్ళముందున్నది వదిలేసి, లేనిదాన్ని వెతికారు."

"నేను వెతికింది నిన్నే నాయనా. ఇంట్లో లేంది నువ్వే."

అతను పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు తల దించుకున్నాడు. మెట్లెక్కేటప్పుడు మాత్రం, ఎటో చూస్తూ అడిగాడు. "తను బాగుందా?"

"మోకాళ్ళ నొప్పులు. మిగతాదంతా బాగుంది."

పన్నెండూ పదికి ఆమె వెయిటింగ్ రూములోకి వెళ్ళింది. నిలవలేక వెళ్ళిందే తప్ప అక్కడ అడగాల్సిందేమీ లేదు. పిల్లను ఓసారి చూడాలనిపించింది. వదిలి వెళ్ళిపోయేవాళ్ళ గురించి ఎప్పుడూ అందరూ మాట్లాడతారు. మిగిలిపోయేవాళ్ళ మొహాలు చూసే అలవాటు గడియారమ్మది.

అత్తగారు ఆమెను చూడగానే అందుకుంది. "ఏమైందమ్మా? చెప్పు. లేదంటే చెప్పకు, నా గుండె అసలే బాగాలేదు. చెప్పు."

"ఇంకా ఏమీ తేలలేదండీ."

"నేను అప్పుడే చెప్పాను, ఆ కరెంటు ఉద్యోగం వద్దు తల్లీ అని. వింటేనా? మొండి. అన్నం కూడా నిలబడి తింటుంది. అయినా చీమను తొక్కితే మూడు రోజులు ఏడ్చే రకం, మనిషిని చంపుతుందా? ఆ ఇన్‌స్పెక్టరుకు కళ్ళు లేవా? పిల్ల పొద్దున్నుంచి జడ వేయించుకోలేదు. అమ్మే వెయ్యాలట. నేను వేస్తే బిగుసుకుపోతుందట."

పిల్ల నిజంగానే జుట్టు విరబోసుకుని కుర్చీలో ముడుచుకుని ఉంది. రాత్రే రెండో లైను తిరిగి పెట్టారు, నెత్తిమీద ఫ్యాను గిరగిర తిరుగుతోంది. బయట వాన.

"నానమ్మా, చలేస్తోంది. ఫ్యాను కట్టేయ్."

"ఆపుతానుండు" అని లేచింది ముసలావిడ, మోకాళ్ళు పట్టుకుని. "కట్టేయ్ ఏంటే కట్టేయ్? గేదెనా కట్టెయ్యడానికి? మా ఇంట్లో ఆపు అంటామమ్మా, లేదంటే ఆర్పు అంటాం. దీనికి ఆ పుట్టింటివాళ్ళ మాటలే వస్తాయి."

గడియారమ్మ కదలకుండా నిలబడింది. "కోడలు అలా అంటుందా ఇంట్లో?"

"అది ఎందుకంటుంది? దానికి ఇక్కడి భాషే ఎక్కేసింది. స్టవ్ కూడా దించు అంటుంది, దించితే ఎక్కడ పెట్టాలే అని నేను. ఇది పిల్లకు దాని మేనమామ నేర్పిన మాట. వారానికోసారి వస్తాడుగా. ఈ పిల్లంటే ప్రాణం అతనికి."

"మేనమామ ఏం చేస్తాడు?"

"ఇందులోనే. ఇక్కడ కాదు, ఊరి చివరిది ఉందే, దాంట్లో. చెల్లెలే వేయించింది ఆ ఉద్యోగం. చెప్పొద్దూ, నిన్నటినుంచి ఒక్క ఫోన్ లేదు. చెల్లెలికి ఇంత కష్టమొస్తే అన్న అనేవాడు రావద్దూ?"

గడియారమ్మ పిల్ల పక్కన వంగింది. "నీ జడ అమ్మ చేతే వేయిద్దాం" అంది. అన్నాక భయపడింది. తను ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే ఆ పిల్లకు మేనమామను దూరం చెయ్యాలి.

ఇన్‌స్పెక్టర్ వరండాలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె ఆగి, అతను పెట్టేసేదాకా చూసింది.

"నిన్న నువ్వు రెండో కేంద్రానికి వెళ్ళావా?"

"వెళ్ళాను. వాంగ్మూలం తీసుకుని తిరిగొచ్చాను."

"దారి ఎంతసేపు?"

"వాన కదా, ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. దేనికి?"

"ఇక్కడ అన్నీ ఆగింది పదీ నలభై తొమ్మిదికి. అక్కడ అందుకుంది ఎన్ని గంటలకు?"

"పదకొండూ ఇరవై ఆరుకి. కుర్చీలో ఉన్నవాడు చెప్పాడు, మీట నొక్కుతూనే ఉన్నాడట, మెషీను వినలేదట. ముప్పై ఏడు నిమిషాలు తంటాలు పడితే..."

అతను తనంతట తనే ఆగిపోయాడు. వాన చూరు మీదినుంచి ధారగా కారుతోంది.

"మెషీను వినకపోవడం కాదు" అంది గడియారమ్మ. "నొక్కడానికి కుర్చీలో మనిషి లేడు. దారిలో ఉన్నాడు."

ఆపరేటర్ గది తలుపు మూసి, ఆమెకు ఎదురుగా కూర్చుంది గడియారమ్మ. ఇన్‌స్పెక్టర్ ఈసారి కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. గోడమీద పెద్ద తెర ఉంది. ఊరి పటం, దానిమీద కదిలే పద్నాలుగు పచ్చ చుక్కలు. పద్నాలుగు అంబులెన్సులు. అవన్నీ ఇప్పుడు రెండో కేంద్రం చెప్పినట్టు కదులుతున్నాయి. ఇక్కడి పెట్టె బాగయ్యేది సాయంత్రానికి.

"నీ కూతురు ఫ్యాను కట్టేయమంది" అంది గడియారమ్మ.

ఆపరేటర్ చేతులు బల్లమీద ఆగిపోయాయి.

"మాస్టారు 'దించమను' అన్నారు. ఆ మాట చేరవేసినవాడికి ఇక్కడి భాష తెలియదు. ఆపమంటున్నారని మాత్రం అర్థమైంది. తన ఇంట్లో ఎలా అంటారో అలా చెప్పాడు. నువ్వు ఇక్కడి అర్థంలో విన్నావు. తిరిగి చెప్పావు. నువ్వన్న 'కడుతున్నా' అతనికి 'ఆపుతున్నా' అని వినిపించింది. 'సరే' అన్నాడు. మాస్టారి నియమం ఇద్దరూ తు.చ. తప్పకుండా పాటించారు."

ఆపరేటర్ గోడమీది పలక వైపు చూసింది.

"గొంతు నీకు అప్పుడే తెలుసు. అవునా?"

"మాస్టారు పిలిపించారేమో అనుకున్నాను" అంది ఆపరేటర్. "ఆయన పక్కనే ఉండి చెప్పిస్తున్నారు, ఆయన మాటే కదా అనుకున్నాను. ఒక్క క్షణం... ఒక్క క్షణం మనింటి మాటేమో అని తట్టింది మేడమ్. తట్టింది. పక్కన పెట్టేశాను. ఇక్కడ నాలుగేళ్ళుగా ఆ మాటకు ఒకటే అర్థం. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది."

"అతని కోసం నువ్వు వెళ్ళడానికి సిద్ధపడ్డావు."

"మీట వేసింది నేనేగా. ఎవరో ఒకరు వెళ్ళాలంటే వేసినవాళ్ళే వెళ్ళాలి. అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది వాడు. వాడి పెళ్ళి కూడా నాకోసం ఆపుకుని..." ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దులెండి."

"నీ పిల్ల?"

"అత్తయ్య ఉన్నారు." ఆ మాట అనగానే ఆమె మొహం నలిగిపోయింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది గడియారమ్మకు.

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. గొంతులో ఇందాకటి కరుకు లేదు. "ఫోన్ చెయ్యమ్మా. అందరం వినేలా పెట్టు. ఏమీ చెప్పించొద్దు, వాడు ఏమంటాడో విందాం."

ఆమె గడియారమ్మ వైపు చూసింది. చెయ్యమని గానీ, వద్దని గానీ గడియారమ్మ అనలేదు. అలాంటి చూపుకు జవాబు చెప్పే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు. పక్క గదిలో పిల్ల ఏదో అడుగుతోంది, మాటలు తెలియడంలేదు, గొంతు మాత్రం గోడలోంచి వస్తోంది. ఆపరేటర్ ఆ గోడను చూస్తూ నంబరు నొక్కింది.

రెండో మోతకే ఎత్తాడు.

"చెల్లీ" అన్నాడు. "చెప్పేశావా?"

ఇన్‌స్పెక్టర్ చేతిలో కలం ఆగిపోయింది.

"నేను చెప్పలేదు అన్నయ్యా. వాళ్ళే తెలుసుకున్నారు. వింటున్నారు."

అవతల పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. బరువు దించుకున్న మనిషి ఊపిరిలా ఉంది.

"మంచిది. సార్, రాసుకోండి. పని ఇటు మారుతోందో లేదో నెలనెలా ఇక్కడ చెయ్యాల్సిన మీట పరీక్ష ఆరు నెలలుగా చెయ్యకుండానే చేసినట్టు రాశాను. మాస్టారు పట్టుకున్నారు. పైకి రాయొద్దని బతిమాలడానికి వచ్చాను. గాలివాన రోజు కుర్చీ వదలకూడదు. వదిలేశాను. మాట్లాడుతుండగానే కరెంటు పోయింది. 'లైటు పట్టుకో రా, తిట్లు తర్వాత తిడతాను' అన్నారు. తర్వాత 'ఈ పెట్టెలో ఎక్కడా కరెంటు ఉండకూడదు, కాసేపు బ్యాటరీలు మోస్తాయి, రెండోది దించమను' అన్నారు. నేను కట్టేయ్ అన్నాను. తప్పు చెప్పానని కూడా అప్పుడు తెలియలేదు సార్. చెల్లి పొరపాటు పడిందనుకున్నాను. దారిలో, బండి మీద, అప్పుడు వెలిగింది."

"ఆయన బతికే ఉన్నారని తెలుసా నీకు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"తెలుసు. అంబులెన్సుకు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. ఎందుకు ఎత్తట్లేదో ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. ఎత్తాల్సింది నా కుర్చీ. అందుకే పరిగెత్తాను. మేస్త్రీని పిలిచినా సరిపోయేది. తట్టలేదు. నేను వెళ్ళి మీట నొక్కితేనే బండి వస్తుంది అన్నదొక్కటే తట్టింది."

ఇన్‌స్పెక్టర్ రాయడం లేదు. "అక్కడే ఉండు. మనుషుల్ని పంపుతున్నాను."

"పంపండి సార్. కానీ రాలేరు. గంట కిందట వంతెన మీద దారి మూసేశారు. నా తర్వాత కూర్చోవాల్సినవాడు కూడా అవతలే ఉండిపోయాడు." అతను ఆగాడు. ఆ ఆగడంలో ఇంకో చప్పుడు వినిపించింది, బుడగలు పొంగుతున్నట్టు. "చెల్లీ, కింది గదిలోకి వాననీళ్ళు వచ్చేస్తున్నాయి, తోడే మోటారు ఆగిపోయింది. నీళ్ళు బ్యాటరీల గది గుమ్మం దాటాయి. ఇంకో జానెడు లేస్తే ఇది కూడా పోతుంది. నాకు ఈ కరెంటు సంగతి తెలియదు. పెట్టె తెరిచాను. నాలుగు హ్యాండిళ్ళున్నాయి, మోటారుకు కరెంటు ఇచ్చేది ఏదో తెలియడంలేదు."

ఆపరేటర్ లేచి నిలబడింది. తెర మీద పద్నాలుగు చుక్కలూ మెల్లగా కదులుతున్నాయి. ఒకటి ఆసుపత్రి గుర్తుకు దగ్గరవుతోంది. ఈ గదిలోనూ, ఆ గదిలోనూ కలిపి, ఆ హ్యాండిళ్ళ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నేర్పినవాడు నిన్ననే పోయాడు.

ఇన్‌స్పెక్టర్ ఏమీ అనకుండా ఫోన్‌ను ఆమె వైపు జరిపాడు.

ఆమె ఫోన్ మీదికి వంగింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ఇప్పుడు ఏ మాట అనాలన్నా భయమే.

"అన్నయ్యా, ఏ హ్యాండిలూ ముట్టుకోకు. ముందు నీ చేతులు ఎక్కడున్నాయో చెప్పు. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయా, బయట ఉన్నాయా?"

అవతల నీళ్ళ చప్పుడు పెరిగింది. జవాబు వినపడేదాకా తర్వాతి మాట చెప్పకూడదు; ఆమె గోడమీది పలక వైపు చూస్తూ అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.